ఆర్‌ఎన్‌ఏ ‘కత్తిరింపు’ అనవచ్చునా?

సందేహం: 1977లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగిన శాస్త్ర సదస్సును గురించి విద్యార్థులకోసం వ్యాసం రాస్తున్నాను. అక్కడ వెల్లడైన స్ప్లైసింగ్‌ను ‘ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపు’ అన్నాను. మా సహాధ్యాపకులొకరు ‘సంధానం’ అనాలంటున్నారు. ఏది సరైనది? – ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు

సమాధానం: ఆ సదస్సులో వెల్లడైనదేమిటో ముందు చూద్దాం. జలుబు కలిగించే ఎడినోవైరస్ మీద రెండు బృందాలు పనిచేశాయి. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో రిచర్డ్ రాబర్ట్స్, లూయీజ్ చౌ మొదలైనవారు, ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ షార్ప్, సూసన్ బర్జెట్ మొదలైనవారు వైరస్ డీఎన్‌ఏకు దాని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను (ప్రొటీను తయారీకి జన్యువులోని సందేశాన్ని మోసే నకలును) జతపరచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు, ఆర్‌ఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న భాగాలు డీఎన్‌ఏలో దూరదూరంగా ఉన్నాయనీ, వాటి నడుమనున్న డీఎన్‌ఏ జత దొరకక ఉచ్చులుగా బయటికి వచ్చిందనీ తేలింది. అంటే జన్యువునుంచి తయారైన పొడవాటి ఆర్‌ఎన్‌ఏలో నడిమి భాగాలు తొలగిపోయి, మిగిలినవి ఒక్కటవుతున్నాయన్నమాట. రాబర్ట్స్, షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమతి దీనికే వచ్చింది.

ఇప్పుడు మీ మాట. కొమ్మల కత్తిరింపు, జుట్టు కత్తిరింపు అన్నప్పుడు వస్తువు పొట్టిదవుతుందేగాని తెగిన కొసలు కలుసుకోవు. పైగా కణంలో ఆర్‌ఎన్‌ఏను ముక్కలుచేసి నాశనం చేసే ఎంజైములు వేరే ఉన్నాయి. మీ విద్యార్థి ఈ మాట విని వాటినే తలచుకొనే ప్రమాదం ఉంది. ‘సంధానం’ది ఇందుకు ఎదురు లోపం. నదుల అనుసంధానంలో వలె అది వేరువేరుగా ఉన్నవాటిని కలపడాన్నే చెబుతుంది, తొలగింపును చెప్పదు.

సినిమావాళ్లు ఫిల్మును కత్తిరించి అతికించే పనికి ‘కూర్పు’ అని పేరుపెట్టుకున్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. కాని ‘జన్యువుల కూర్పు’ అంటే వాటి నిర్మాణమనే అర్థం ఇప్పటికే స్థిరపడింది కనుక, ఇక్కడ వాడితే గందరగోళం తప్పదు.

నా ఓటు ‘అతకడం’ అనే క్రియకు. ‘అతుకు’ అనే నామవాచకంలో అతుకులబొంత గుర్తుకువచ్చి కొంత చిన్నతనం ధ్వనిస్తుంది, నిజమే. క్రియలో ఆ మరక లేదు. చేనేతవారు మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపడాన్ని ‘అచ్చు అతకడం’ అంటారు. ఎంతో నేర్పుతో చేసే పని అది. ఆర్‌ఎన్‌ఏలో జరిగేది ఒక్క న్యూక్లియోటైడు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఒక్క కొలికి) తేడా వచ్చినా ప్రొటీను సందేశమే చెడిపోయేంత ఖచ్చితమైన పని కనుక, ఆ నేర్పు ధ్వనించే మాట దానికి తగినదే. ‘అతకడం’లోనూ తొలగింపు కనబడదు కాబట్టి, మొదటిసారి ‘స్ప్లైసింగ్, అంటే ఆర్‌ఎన్‌ఏలో నడిమి భాగాలను తీసివేసి మిగిలినవాటిని అతకడం’ అని విప్పి రాసి, తరువాత స్ప్లైసింగ్ అనే వాడండి. తొలగిపోయే నడిమి భాగాలైన ఇంట్రాన్‌లను, మిగిలి అతికే భాగాలైన ఎక్సాన్‌లను 1978లో వాల్టర్ గిల్బర్ట్ పెట్టిన పేర్లతోనే ఉంచండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఒకే ఆర్‌ఎన్‌ఏను కణం ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా అతికి వేరువేరు ప్రొటీన్లను తయారుచేయడం జన్యు నియంత్రణలో ఒక ముఖ్యమైన మార్గం. పండ్ల ఈగలోని డీఎస్‌క్యామ్ అనే ఒక్క జన్యువునుంచి ఈ పద్ధతిలో 38,016 రూపాలు రావడానికి వీలుంది. ఇంగ్లీషులో ‘ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్’ అనే దీనికి తెలుగులో కొందరు ‘ప్రత్యామ్నాయ’ అని చేరుస్తున్నారు. అది ఒకటి లేకపోతే దానికి బదులు మరొకటి అన్నట్లుంటుంది. మన వ్యాకరణంలో ఇంతకంటే తగిన మాట ఉంది. ‘ఏమి + అంటివి’ అన్నచోట ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ అని రెండు రూపాలూ సాధువులే కనుక ఆ సంధిని వైకల్పికం అంటాం. అయితే ‘వైకల్పిక అతుకు’ అని సంస్కృత విశేషణాన్ని తెలుగు మాటకు తగిలిస్తే చెవికి ఇంపుగా ఉండదు. ‘వైకల్పిక స్ప్లైసింగ్’ అనో, ‘వికల్పంగా అతకడం’ అనో రాయండి.