బిల్లు మీద ‘విశాఖ కోర్టు’ అని ఉంటే పర్లాకిమిడిలో కేసు వేయకూడదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. బడిలో ఉపాధ్యాయుణ్ణి. ఎనిమిది నెలల కిందట విశాఖపట్నం షోరూంలో 14 లక్షలకు ఎలక్ట్రిక్ కారు కొన్నాను. దానితో ఇచ్చిన పోర్టబుల్ చార్జర్ ఇంట్లో పవర్ ప్లగ్గుకు పెడితే అరగంట, ముప్పావుగంట నడిచి, ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. ప్లగ్గు పిన్ను ఒకటి నల్లబడింది. ‘మీ ఇంటి ఎర్త్ బాగోలేదు, వారంటీ రాదు’ అని షోరూం వాళ్లంటున్నారు. ‘లైన్లో ఏ తప్పూ లేదు, చార్జరే పాడు’ అని లైన్‌మన్ అంటున్నాడు. బిల్లు అడుగున ‘విశాఖపట్నం కోర్టుల పరిధికి లోబడి’ అని అచ్చేసి ఉంది. ఇంటి మీటరు మీద కారు చార్జింగ్ పెడితే కేసవుతుందని ఒకరు భయపెట్టారు కూడా. ఎవరి మీద, ఎక్కడ వేయాలి?

జవాబు: మాస్టారూ, కేసు సంగతి తర్వాత. ముందు ఆ నల్లబడ్డ పిన్ను చూడండి. దాని ఎదుటి సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగిందా? ఒత్తితే మెత్తగా ఉందా? అయితే ఇవాళ్టి నుంచి ఆ సాకెట్ వాడకండి. ఇలాంటి చార్జర్ సుమారు 3.3 కిలోవాట్లు లాగుతుంది, అంటే 14 ఆంపియర్ల పైమాట. గీజరు కూడా అంతే లాగినా పావుగంటలో ఆగిపోతుంది. ఇది రాత్రంతా లాగుతుంది. లోపల స్క్రూ కాస్త వదులైనా అక్కడ వేడి పుట్టి, పిన్ను మాడి, చివరికి బోర్డు అంటుకుంటుంది. ఇంట్లో పిల్లలు పడుకుని ఉంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి నడిపిద్దామని మాత్రం అనుకోకండి.

అయితే మాడిన సాకెట్‌ను పారేయొద్దు. ఫొటో తీయించి, విప్పించి, కవర్లో పెట్టి తారీఖు రాసి దాచండి. రేపు అదే మీ సాక్ష్యం.

ఎక్కడ వేయాలన్నదానికి జవాబు సులువు. మీ ఊళ్లోనే వేయండి. 1986 నాటి పాత చట్టం కింద అయితే అవతలివాళ్లు వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో చూసుకోవాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్‌లో, ఫిర్యాదుదారు నివసించే చోటు, ఉద్యోగం చేసే చోటు కూడా చేర్చారు. బట్టలకూ బంగారానికీ వైద్యానికీ శ్రీకాకుళం, విశాఖ వెళ్లి వచ్చే మన సరిహద్దు ఊళ్ల జనానికి ఇంతకన్నా మేలు చేసిన సెక్షన్ ఇంకోటి లేదని నా నమ్మకం. చట్టం ఇచ్చిన ఈ హక్కును బిల్లు అడుగున అచ్చేసిన ఒక్క ముక్క తీసేయలేదు. ఆ అభ్యంతరం వాళ్లు తప్పక లేవదీస్తారు. లేవదీయనివ్వండి, జవాబు మన దగ్గరుంది. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపే కాబట్టి గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వస్తుంది. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. తప్పు చార్జర్‌దని చూపించాల్సింది మొదట మీరే. మీ ఉత్తరంలో దానికి ఆధారం ఇంకా కనబడలేదు. షోరూం మాట నిజమో కాదో ఈ వారంలోనే తేలిపోయే పని చెబుతాను.

ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మల్టీమీటర్‌తో మూడు రీడింగులు తీయించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకపోతే మంచిది. ఫేజ్, ఎర్త్ మధ్య రీడింగు బాగా తక్కువ వచ్చినా, ఊగుతున్నా మీ ఎర్త్ పోయిందనే అర్థం. పాత ఇళ్లలో ఎర్త్ తీగ మెయిన్ బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉంటుంది, లేదా ఎర్త్ గొయ్యి ఎండిపోయి రాయిలా ఉంటుంది. టెస్టర్ బల్బు వెలిగిందంటే ఫేజ్ ఉందనే, ఎర్త్ గురించి అది ఏమీ చెప్పదు.

తర్వాత మాడని ఒక మంచి సాకెట్‌కు, మందపాటి తీగతో విడిగా మెయిన్ నుంచి లాగిన లైనుకు చార్జర్ పెట్టి, మొదలెట్టినప్పుడు ఒకసారి, అరగంటకు ఒకసారి వోల్టేజి చూడండి. సాయంత్రం ఏడు గంటలకూ తెల్లవారుజామునా రెండు పూటలూ చూడాలి. సాయంత్రం బాగా పడిపోయి, తెల్లవారుజామున నిలకడగా ఉండి చార్జింగ్ సాగితే లోపం లైన్‌లోనో మీ ఇంటి తీగల్లోనో ఉంది. పాతపట్నంలో చుట్టాలో స్నేహితులో ఉంటే, ఎర్త్ బాగున్న వాళ్లింట్లో అదే చార్జర్ పెట్టి చూడండి. అక్కడా ముప్పావుగంటకు ఆగిపోయిందంటే షోరూం వాదన అక్కడితో పడిపోయినట్టే. వీలైతే అదే మోడల్ కారున్న వాళ్ల చార్జర్‌ను మీ సాకెట్‌కు కూడా పెట్టి చూడండి. ఇవన్నీ ఆపకుండా ఫోన్‌లో వీడియో తీయండి. మల్టీమీటర్ అంకెలూ చార్జర్ లైటూ ఒకే చట్రంలో కనబడాలి. ఆ వీడియోతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కూడా జత చేస్తాం. ఎలక్ట్రీషియన్ చేత రీడింగులు కాగితం మీద రాయించి, సంతకం, లైసెన్సు నంబరు వేయించుకోండి.

చార్జర్ పెట్టెను మాత్రం ఎవరి చేతా విప్పించకండి. లోగడ నా దగ్గరికి ఒక స్కూటర్ యజమాని వచ్చాడు. పాడైన చార్జర్‌ను రిపేరు షాపులో విప్పించి, లోపలి ఫ్యూజు మార్పించి, మళ్లీ స్క్రూలు బిగించి తెచ్చాడు. సీలు పోయింది. ‘వాళ్లే పాడుచేసుకున్నారు’ అని అవతలివాళ్లు వాదిస్తే మా దగ్గర జవాబు లేకపోయింది. చార్జర్ మొదటి నుంచీ పాడేనని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం, కానీ కేసు పోయింది. పెట్టె ముట్టకుండా ఉంటే కమిషనే దాన్ని సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది, రిపోర్టుకు 45 రోజుల గడువు. ల్యాబ్ ఖర్చు ముందుగా మీచేత కట్టించొచ్చు, అందుకు సిద్ధపడండి.

ఎర్త్ పోయిందనే తేలితే ఒప్పుకుని బాగు చేయించండి, కొత్త సాకెట్ పెట్టించండి. మీ సమస్య ఆ రెండు వేలూ మూడు వేలతోనే తీరొచ్చు. అలా తీరితే నాకూ సంతోషమే. కానీ అప్పుడూ షోరూంను ఒక మాట అడగాలి: కారు అప్పగించేముందు ఇంటి ఎర్త్ చూస్తామని చెప్పారా, ఎవరైనా వచ్చి చూసి ఉంటే ఆ కాగితం ఏది? చూస్తామని చెప్పి చూడకపోతే అది సేవాలోపమే.

వోల్టేజిదే తప్పని తేలితే దారి మారుతుంది. దక్షిణ ఒడిశాలో కరెంటు సరఫరా చేసేది టీపీఎస్‌ఓడీఎల్. ముందు వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. తేలకపోతే విద్యుత్ చట్టం 2003లోని 42వ సెక్షన్ కింద ఉన్న ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే దాని పైన ఉండే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. లైన్‌మన్ నోటిమాట ఎక్కడా పనికిరాదు.

ఇంటి మీటరు మీద సొంత కారు చార్జ్ చేసుకోవడం తప్పు కాదు. ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లో చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. కానీ మీ బిల్లులో మంజూరైన లోడు చూడండి. ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే పెంచమని దరఖాస్తు పెట్టండి. డబ్బు తీసుకుని ఊళ్లోవాళ్ల బండ్లకు చార్జింగ్ ఇవ్వడం మాత్రం వద్దు. అప్పుడు విద్యుత్ చట్టంలో అనధికార వాడకానికి ఉన్న 126వ సెక్షన్ మీదికి వస్తుంది.

పరీక్షలన్నీ చార్జర్‌దే తప్పని చూపిస్తే కేసు షోరూం, తయారీ కంపెనీ ఇద్దరి మీదా వేయాలి. ఒకరినే చేరిస్తే రెండోవాళ్ల మీదికి తోసేస్తారు. చార్జర్ మార్పు, ఇన్నాళ్లు బయట చార్జింగ్‌కు పెట్టిన ఖర్చు, మాడిన బోర్డు నష్టం అడగొచ్చు. నోటీసు అందాక వాళ్లకు జవాబుకు 30 రోజులు, అడిగితే మరో 15. చట్టం ప్రకారం కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేలాలి. ఆచరణలో ఇంకా పడుతుంది, మీకు ముందే చెప్పడం నా ధర్మం. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

మొదట స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక మాటల్లోనే రాసుకోండి, తేదీలూ అంకెలూ తప్పకుండా ఉండాలి. తర్వాత ఇంగ్లీషులోకి మార్పించి పంపుదాం. తెలుగులో ఉన్న షోరూం సర్వీసు జాబ్ కార్డులకూ వాట్సాప్ సంభాషణలకూ అనువాదం జత చేయాలి, అక్కడి కమిషన్ వాళ్లు చదువుకోవాలి కదా. షోరూంలో నోటిమాటగా ‘వారంటీ రాదు’ అన్నది ఎవరో, ఏ రోజో రాసిపెట్టుకోండి. అదే మాట ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాకపోయినా ఆ అడిగిన కాగితం మన చేతిలో ఉంటుంది.