గ్రీస్ దీవిలో బీచ్ రిసార్ట్, రోజంతా ఏం చేయాలి?

ప్రశ్న: జూన్‌లో గ్రీస్ వెళ్తున్నామండి, క్రీట్ దీవిలో హెర్సోనిసోస్ అనే ఊళ్ళో బీచ్ రిసార్ట్ బుక్ చేశాం, బ్రేక్‌ఫాస్టూ డిన్నరూ వాళ్ళే పెడతారు. నేను, మావారు, పదేళ్ళ బాబు, మా అత్తయ్యగారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. సముద్రమే చూడాలంటే సూర్యలంక ఉంది కదా, అంత దూరం పోయి వారం రోజులు ఏం చేస్తాం అని మావారు ఇప్పట్నుంచే మొదలుపెట్టారు. – ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: సూర్యలంక సముద్రం వేరు, అది వేరమ్మా. గాలి లేని పొద్దున పూట అక్కడ నడుం లోతు నీళ్ళల్లో నిలబడితే కాలి గోళ్ళు కూడా కనపడతాయి. బాబుకి ఇక్కడే ఓ స్నార్కెల్ మాస్క్ కొనేయండి, రాళ్ళున్న వైపు మొహం నీళ్ళల్లో పెడితే చాలు, చారల చారల చిన్న చేపలు పక్కనే తిరుగుతుంటాయి, పిలిచినా బయటికి రాడు. రబ్బరు బూట్లు మాత్రం అందరికీ ఉండాలి, ఆ రాళ్ళకే సీ అర్చిన్లనే ముళ్ళ జీవులు అతుక్కుని ఉంటాయి, తొక్కామా నల్లటి ముళ్ళు కాల్లో విరిగి ఉండిపోతాయి.

నేను చెప్పేది ఒకటే, రిసార్ట్‌ని మధ్యాహ్నం పడుకోడానికి వాడుకోండి, పొద్దునా సాయంత్రం బయట ఉండండి. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు, కాబట్టి టైమ్ బోలెడు.

ఒక పొద్దున క్నోసోస్‌కి కేటాయించండి. హెరాక్లియన్ సిటీ దాకా బస్సులు బాగా ఉంటాయి, అక్కణ్ణుంచి సిటీ బస్సులో 5 కిలోమీటర్లే. క్రీట్‌లో వేల ఏళ్ళ కిందట బతికిన మినోవన్ల కాలం నాటి ప్యాలెస్ అది, ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ 1900లో తవ్వకాలు మొదలుపెట్టాడు. నీడ తక్కువ, తెరిచే టైముకే వెళ్ళిపోవాలి. అక్కడ నూనె, ధాన్యం నిలవ చేసుకున్న మట్టి జాడీలు చూపించండి అత్తయ్యగారికి, మన ఆవకాయ జాడీ మనిషంత ఎత్తు పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఎండెక్కాక హెరాక్లియన్ మ్యూజియంలోకి దూరిపోండి, ఏసీ ఉంటుంది, ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయిన గుర్తులున్న ఫైస్టోస్ మట్టి బిళ్ళ అక్కడే ఉంది.

ఇంకో రోజు స్పినలోంగా. ఎలూండా నుంచి పడవలో వెళ్ళే చిన్న దీవి, వెనిస్ వాళ్ళు కట్టిన కోట. 1903 నుంచి 1957 దాకా కుష్టు రోగుల్ని ఇళ్ళకి దూరం చేసి అక్కడే ఉంచారు. ఆ ఖాళీ ఇళ్ళ మధ్య నడుస్తుంటే మనసు బరువెక్కుతుంది, బాబుకి ముందే నాలుగు ముక్కలు చెప్పి తీసుకెళ్ళండి, చూడాల్సిన చోటు. వాడి కోసం గూర్నెస్‌లో క్రీటాక్వేరియం అనే చేపల అక్వేరియం ఉంది, మీరు హెరాక్లియన్ వెళ్ళే దారిలోదే. సమారియా లోయ 16 కిలోమీటర్ల రాళ్ళ నడక, అత్తయ్యగారితో వద్దు.

తిండికి భయపడకండి. బార్లీ రొట్టె మీద టమాటా, చీజ్, ఆలివ్ నూనె వేసిన డాకోస్, పప్పు ముద్దలా ఉండే ఫావా, టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు గిగాంటెస్, ఇవన్నీ ఆవిడ తినగలిగేవే. ఉపవాసం వంట అని వాళ్ళకొకటి ఉంది, మాంసం, పాలు, గుడ్లు ఉండవు, అయితే అందులో రొయ్యలు, ఆక్టోపస్ వాడొచ్చు, అందుకని ఉపవాసం వంటే కదా అని కళ్ళు మూసుకుని తినెయ్యకూడదు, ప్రతి ప్లేటుకీ అడగాల్సిందే. ఆకుల్లో చుట్టిన అన్నంలో కూడా ఒక్కోచోట కీమా పెడతారు. సాయంత్రాలు కొండ మీద కూటులుఫారి ఊరికి వెళ్ళి అక్కడి హోటళ్ళలో కూర్చోండి, రిసార్ట్ బఫే కంటే నాకు అదే ఇష్టం.

ప్రశ్న: కొత్తగా పెళ్ళయిందండి, హనీమూన్‌కి వారమంతా సాంటోరినీలోనే బీచ్ రిసార్ట్ తీసుకోమంటారా? – ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు బాబూ. సాంటోరినీ చూడాల్సింది కొండ అంచు మీద నుంచి, ఫీరా నుంచి ఓయా దాకా ఆ అంచు వెంట 10 కిలోమీటర్ల దారి పొద్దున్నే నడిస్తే ఆ జ్ఞాపకం జీవితాంతం ఉంటుంది. బీచ్‌లు మాత్రం అగ్నిపర్వతం తాలూకు నల్ల ఇసక, కమారీ, పెరిస్సా బాగానే ఉంటాయి గానీ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. రెండు మూడు రాత్రులు అక్కడుండి ఫెర్రీలో నాక్సోస్ దీవికి వెళ్ళిపోండి, ప్లాకా, అయోస్ ప్రొకోపియోస్ బీచ్‌లు మెత్తటి ఇసకతో ఎంత పొడుగో, ఖర్చూ తగ్గుతుంది. నాక్సోస్ ఊరి పక్కనే అపోలో గుడిది పోర్టారా అనే రాతి ద్వారం ఉంది, గుడి పూర్తి కాకుండానే ఆగిపోయింది, సాయంత్రం అక్కడికి వెళ్ళండి. జూలై, ఆగస్టులో మెల్టెమి అనే ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది, ఫెర్రీలు ఆగిపోతుంటాయి కూడా, ఫ్లైట్‌కి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

ప్రశ్న: ఈత రాదు, బీచ్ రిసార్ట్ దండగేనా? – తెనాలి నుంచి

జవాబు: దండగేం కాదు. లైఫ్‌గార్డ్ ఉన్న ఇసక బీచ్ చూసుకుని నడుం లోతు దాటకండి, ఎర్ర జెండా ఎగిరితే అసలు దిగొద్దు, ఎమర్జెన్సీకి 112. గ్రీస్‌లో తీరం అందరిదీ, సొంత టవల్ పరుచుకుని కూర్చోవచ్చు, గొడుగూ కుర్చీ కావాలంటే మాత్రం రేటు ముందే అడిగి కూర్చోండి.