మసాలా డబ్బా కాస్త పక్కన పెట్టు

చి॥ల॥సౌ॥ జ్యోతికి,

మలేషియాలోని ఇపో నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడి చైనీస్ వాళ్ల చికెన్ రైస్ ఎలా చేయాలో రాయమని మెసేజ్ పెట్టావు. ముందుగా దాని జోలికి పోకు. నీళ్లు తెర్లకుండా సన్నటి వేడి మీద కోడిని ఉడికించాలి, ఆ కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి అన్నం వండాలి, పైగా రెండు రకాల చట్నీలు నూరాలి. ఇక్కడి చైనీస్ ఇళ్లలోనే చాలామంది దాన్ని కొట్లో కొనుక్కుంటారు. నీకు కావలసింది ఆఫీసు నుంచి వచ్చి గంటన్నరలో వండేసి, పిల్లాడు మారాం చేయకుండా తినే వంట. అదే రాస్తాను.

మన చేతికి పోపు అలవాటు. పొయ్యి వెలిగిస్తే చాలు, చెయ్యి దానంతటదే ఆవాల మీదికి పోతుంది. చైనీస్ ఇంటి వంటకి ఆ చెయ్యి కట్టేసుకోవాలి. అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, తెల్ల మిరియాలు, రెండు సోయా సాస్‌లు ఉంటే సరిపోతుంది. సోయా సాస్‌లలో పల్చటిది ఉప్పు కోసం, నల్లటిది రంగు కోసం. రెండూ ఒకటే అనుకుని నల్లది ధారగా పోసేయకు. మిరియాలు ఇక్కడి సరవాక్ రాష్ట్రంలో పండినవి దొరుకుతాయి, అవే తీసుకో. నువ్వుల నూనె కూడా మన ఊరిది కాదు, వేయించిన నువ్వులతో తీసిన ముదురు రంగుది. దాంతో కూర వండరు. దించాక పైన నాలుగు చుక్కలు వేస్తారు, అంతే.

మొదట నేర్చుకోవలసింది సూప్. ఇక్కడ అందరూ ఏబీసీ సూప్ అంటారు. చైనీస్ ఇంట్లో సూప్ అంటే భోజనానికి ముందు తాగేది కాదు, అన్నంతో పాటు మధ్యలో పెట్టుకుని అందరూ పోసుకునేది. ఎముకలున్న కోడి ముక్కలు అరకిలో తీసుకో. విడిగా నీళ్లు మరిగించి, ముక్కలు అందులో రెండు నిమిషాలు వేసి, ఆ నీళ్లు పారబోసి, ముక్కల్ని చన్నీళ్లలో కడుగు. ఈ పని చాలామంది ఎగ్గొడతారు. ఎగ్గొడితే సూప్ మీద నురగ తేలి, రంగు మాసి, నీచు వాసన కొడుతుంది. తర్వాత లీటరున్నర నీళ్లలో ఆ ముక్కలు, పెద్ద క్యారెట్ ఒకటి, రెండు ఆలుగడ్డలు, ఒక ఉల్లిపాయ నాలుగు చెక్కలుగా, చితక్కొట్టిన తెల్ల మిరియాలు అరచెంచా వెయ్యి. ఒక పొంగు రానిచ్చి మంట బాగా తగ్గించు. నీళ్లు కుతకుతలాడకూడదు, అక్కడక్కడా బుడగ లేస్తే చాలు. గంట పోయాక రెండు టమాటాలు వేసి, ఇంకో పావుగంట ఉంచి, చివర్లో ఉప్పు వెయ్యి. పసుపు వద్దు, అల్లం వెల్లుల్లి ముద్ద వద్దు, కొత్తిమీర కూడా వద్దు. తాగి చూస్తే చప్పగా ఉందనిపిస్తుంది. ఇంకో చిటికెడు ఉప్పు వేసి చూడు, మసాలా కాదు.

సూప్ ఉడుకుతుండగానే ఆవిరి గుడ్డు చెయ్యొచ్చు. మీ పక్కింటి ఆంటీ ఇంట్లో పిల్లాడు చెంచా వదలకుండా తిన్నాడన్నావే, అది ఇదే అయ్యుంటుంది. మూడు గుడ్లు గ్లాసులో పగలగొట్టి, ఎంత వచ్చాయో చూసుకుని, దానికి రెండింతల కంటే కాస్త తక్కువ నీళ్లు కలుపు. కాచి చల్లార్చి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలే నీళ్లే పొయ్యి. నురగ రాకుండా ఫోర్కుతో మెల్లగా కలిపి, చిటికెడు ఉప్పు వేసి, టీ వడపోసే జల్లెడలోంచి పళ్లెంలోకి వడకట్టు. పైన బుడగలుంటే చెంచాతో తీసెయ్యి. మూత మీది నీటి చుక్కలు పడకుండా ఆ పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి, సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టు. ఇడ్లీ పాత్రే చాలు, ప్లేట్లు తీసేసి అడుగున చిన్న స్టాండ్ పెట్టుకో. కదిపితే నడుమ కాస్త వణకాలి, అప్పుడు దించు. మంట ఎక్కువైతే గుడ్డు బిగిసిపోయి తేనెపట్టులా చిల్లులు పడుతుంది. పైన పల్చటి సోయా సాస్ ఒక చెంచా, నువ్వుల నూనె రెండు చుక్కలు, ఉల్లికాడలు. పిల్లాడికైతే సాస్ తగ్గించు.

జ్వరం వస్తే కంజి. గ్లాసు బియ్యానికి తొమ్మిది పది గ్లాసుల నీళ్లు, బియ్యం విచ్చుకుని నీళ్లలో కలిసిపోయేదాకా ఉడకాలి. కడిగిన బియ్యానికి చెంచా నూనె, కాస్త ఉప్పు పట్టించి అరగంట ఉంచితే తొందరగా విచ్చుకుంటాయి. సన్నగా తరిగిన అల్లం, మిరియాలు పైన వేసుకోవడమే.

ఇక మలయ్ వంట. ఇక్కడ కట్టేసిన చెయ్యి విప్పొచ్చు. మా అత్తగారివాళ్లు ఇక్కడి సముద్రతీరాన ఉన్న బాగాన్ దాతో ఊరి కొబ్బరి తోటల్లో పనిచేసినవాళ్లు. చింతపండు, ఎండుమిరప చేతిలో ఉన్న తెలుగు ఆడవాళ్లకి సంబల్ అనే ఎండుమిరప కారం ముద్ద కొత్తేమీ కాదు, బెలాచాన్ ఒక్కటే కొత్త. రొయ్యపొట్టుని ఉప్పుతో పులియబెట్టి ముద్ద చేసింది అది. పెనం మీద కాల్చేటప్పుడు కిటికీలు తీసి పెట్టుకో, లేకపోతే అల్లుడుగారు గ్యాస్ లీకయిందని పరిగెత్తుకొస్తారు.

సంబల్‌కి ఇరవై ఎండుమిరపకాయలు గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టి, పది చిన్న ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రెబ్బలు, వేలి కొస అంత కాల్చిన బెలాచాన్ కలిపి మెత్తగా రుబ్బు. నూనె నీకు ఎక్కువనిపించినంత పొయ్యి. సన్నని మంట మీద ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా కలుపుతూనే ఉండు. ఎర్రగా ఉన్నది ముదురు గోధుమరంగుకి తిరిగి, నూనె అంచుల్లోకి విడిపోవాలి. పచ్చివాసన పోయిందని అయిదు నిమిషాలకే చింతపండు రసం పోసేస్తే ఘాటు గొంతుకి పట్టుకుంటుంది. ఆ తర్వాతే చింతపండు, ఉప్పు, పంచదార. పంచదారకి మొహమాటపడకు. వేయించిన ఎండు నెత్తళ్లు మాత్రం వడ్డించే ముందే కలుపు, లేకపోతే మెత్తబడతాయి. ఇక్కడ వాటిని ఇకాన్ బిలిస్ అంటారు, తల, పొట్ట గిల్లి పారేసి వేయించుకో, చేదుండదు.

నాసి లెమాక్ అన్నం దీనికన్నా తేలిక. కొబ్బరి పాలు సగం, నీళ్లు సగం, వాసన కోసం వేసే పొడుగాటి పాండన్ ఆకు ముడివేసి, అల్లం ముక్క, ఉప్పు. చిక్కటి పాలు మొదట్లోనే పోస్తే అడుగంటుతుంది, పల్చటి పాలతో ఉడికించి చివర్లో చిక్కటివి కలుపు.

తూటికూరని కాంగ్‌కుంగ్ అని అమ్ముతారు. బాణలి పొగలు కక్కేదాకా వేడెక్కించి, రెండు చెంచాల సంబల్ వేసి, ముందు కాడలు, అరనిమిషానికి ఆకులు. మూత పెట్టకు, నీళ్లు పొయ్యకు.

ఒక్కమాట. మీ ఆఫీసులో మలయ్ స్నేహితుల్ని భోజనానికి పిలుస్తానన్నావు. కోడి హలాల్ ముద్ర ఉన్నదే కొను, చైనీస్ వంటవైన్ ఆ రోజు తాకకు, సాస్ సీసాల మీద కూడా ముద్ర చూసుకో. వాళ్లు అడగరు, కానీ నువ్వే ముందుగా చెప్పు, నిశ్చింతగా తింటారు. చైనీస్ వాళ్లొస్తే గొడ్డుమాంసం గురించి, చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు శాకాహారమా అని అడుగు, కొందరికి ఆ పట్టింపులు ఉంటాయి. నాన్‌స్టిక్ బాణలి మాత్రం కొనకు, పల్చటి ఇనుపదే కొనుక్కో. కొత్తది కడిగి, నూనె రాసి, బాగా కాల్చి వాడుకో.

పిల్లాడికి ముద్దులు.

మీ పెద్దమ్మ