థీసిస్ రాస్తున్న అమ్మాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు అధ్యాయాలనూ రెండేసిసార్లు చదివాను. మొన్న ఆదివారం మా ఇంట్లో బత్తాయి పండు చేతిలో పట్టుకొని, దాని మీద అగ్గిపుల్లను నడుము నుంచి తొడిమ దాకా, అక్కడి నుంచి పక్కవైపుగా మళ్ళీ నడుముకు, నడుము వెంట మొదటి చోటికి ఎక్కడా మెలి పడకుండా జరిపి, "చూశారా మాస్టారూ, పుల్లను నేను తిప్పలేదు, అయినా అది అడ్డం తిరిగిపోయింది" అని చెప్పిన పిల్ల ఈ అధ్యాయాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు. వాటిలో ఉన్నదంతా పెద్ద జ్యామితి పరిభాషే: మానిఫోల్డు నిర్వచనం ఉంది, ఫైబర్ బండిల్ నిర్వచనం ఉంది, కనెక్షన్ మీద నాలుగు పేజీలున్నాయి. థీసిస్ పేరులోనే ఉన్న ధ్రువిత కాంతి (కంపనాలకు ఒక నిర్ణీత తీరు ఉన్న కాంతి) మాత్రం ముప్పయ్యో పేజీ దాకా రాలేదు.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన కష్టం కాదు. క్లాసులో ఎవరూ చెప్పని విషయం మీద డిగ్రీ చివరి ఏట థీసిస్ రాయవలసి వచ్చినవాళ్ళందరూ భయం కొద్దీ వెనక్కి నడుస్తారు: మొదలుకే తిరిగి వచ్చినా దారి మిగిల్చే తేడా మీద మైకేల్ బెర్రీ రాసిన వ్యాసం అర్థం కావాలంటే బండిళ్ళు కావాలి, వాటికి అవకలన జ్యామితి కావాలి, దానికి టోపాలజీ కావాలి అనుకుంటూ. ఆ దారికి చివరంటూ లేదు, నీకేమో ఏప్రిల్ నెలాఖరు గడువు ఉంది. పైగా అలా వెనక్కి నడుస్తూ చదివినదంతా థీసిస్‌లో పెట్టకపోతే చేసిన శ్రమ వృథా అయిందన్న బాధ ఒకటి పట్టుకుంటుంది. నీ రెండో అధ్యాయం ఆ బాధ నుంచి పుట్టిందేనని నా అనుమానం.

నా సలహా ఒక్కటే. నీ చేత్తో, కాగితం మీద, మొదటి నుంచి చివరిదాకా చేయగలిగిన అతి చిన్న లెక్కను పట్టుకో. థీసిస్‌ను దాని చుట్టూ కట్టు. పెద్ద సిద్ధాంతంలో ఆ లెక్కకు ఎంత అవసరమో అంతే తీసుకో.

నీ విషయానికి అలాంటి లెక్క దొరకడం కష్టం కాదు, ఎందుకంటే ఆ విషయం మన ఊళ్ళో ఒకసారి అలాగే పుట్టింది. మేఖ్రీ సర్కిల్ దగ్గరున్న రామన్ పరిశోధన సంస్థలో పనిచేస్తూ శివరామకృష్ణన్ పంచరత్నం 1956లో ధ్రువిత కాంతి వ్యతికరణం మీద వ్యాసం ప్రచురించేనాటికి అతని వయసు ఇరవై రెండేళ్ళు, అంటే నీకంటే ఒకటి రెండేళ్ళు పెద్ద. అతని చేతిలో ఫైబర్ బండిళ్ళు లేవు. స్ఫటికాలూ, పోలరైజర్లూ, ఒక్కో ధ్రువణ స్థితినీ ఒక్కో బిందువుగా చూపే పాంకరే గోళమూ ఉన్నాయి. ఒక ధ్రువణ స్థితి నుంచి రెండోదానికి, దాని నుంచి మూడోదానికి, తిరిగి మొదటిదానికి వస్తే గోళం మీద ఆ మూడు బిందువులు గీసే త్రిభుజపు ఘనకోణంలో (గోళం మధ్య నుంచి చూస్తే ఆ త్రిభుజం ఎంత మేర కనిపిస్తుందో చెప్పే కొలత) సగమంత దశ, అంటే తరంగం ముందుకో వెనక్కో జరిగిన కోణం, మిగులుతుందని అతను కనిపెట్టాడు. మైకేల్ బెర్రీ వ్యాసం 1984లో వచ్చిన తరువాత, 1986లో, రామశేషన్, నిత్యానంద ఇద్దరూ కరెంట్ సైన్స్ పత్రికలో ఈ పాత ఫలితాన్ని గుర్తుచేశారు. (బెర్రీ ఫలితాన్ని బండిళ్ళ భాషలో చెప్పిన బారీ సైమన్ వ్యాసం బెర్రీ వ్యాసం కంటే ముందే, 1983లోనే, అచ్చయింది. పీఠికలో కాలక్రమం రాసేటప్పుడు అక్కడ పొరపడకు.)

ఇక లెక్క. అడ్డంగా ధ్రువితమైన కాంతి, 45 డిగ్రీల వాలులో ధ్రువితమైన కాంతి, వృత్త ధ్రువిత కాంతి అనే మూడు స్థితులు తీసుకో. ఒక్కొక్కటి రెండేసి సంకీర్ణ సంఖ్యలే. మొదటిదానికీ రెండోదానికీ, రెండోదానికీ మూడోదానికీ, మూడోదానికీ మొదటిదానికీ అంతర లబ్ధాలు (ఇన్నర్ ప్రాడక్టులు, ఒకదానిలో రెండోది ఎంత ఉందో చెప్పే సంఖ్యలు) కట్టి మూడింటినీ గుణించు. ఒకటి ప్లస్ ఐ (మైనస్ ఒకటి వర్గమూలం), ఆ మొత్తం బై నాలుగు వస్తుంది. దాని కోణం 45 డిగ్రీలు. ఇప్పుడు గోళం మీద చూడు. ఆ మూడు బిందువులూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కనుక వాటి మధ్య త్రిభుజం గోళంలో ఎనిమిదో వంతు. మొత్తం ఘనకోణం నాలుగు పై. ఎనిమిదో వంతు పై బై రెండు. అందులో సగం పై బై నాలుగు, అంటే అవే 45 డిగ్రీలు. ఈ ముక్క రాయడానికి నీకు ఒక పేజీ చాలు, దానిలో నీకు తెలియని మాట ఒక్కటీ ఉండదు.

అక్కడితో ఆగక లెక్కను కొంచెం వేధించు. మూడు స్థితులనూ సరళ ధ్రువణాలుగానే తీసుకొని 0, 30, 60 డిగ్రీల దగ్గర పెడితే లబ్ధం ధన సంఖ్య, దశ సున్న. అవే 0, 60, 120 డిగ్రీల దగ్గర పెట్టు: లబ్ధం మైనస్ ఒకటి బై ఎనిమిది, దశ 180 డిగ్రీలు. మూడు కొసైన్లు తప్ప ఇందులో ఏమీ లేదు, ఐ కూడా లేదు. అయినా దశ వచ్చింది, ఎందుకంటే సరళ ధ్రువణాలన్నీ ఉండే గోళపు నడుమును ఈసారి దారి పూర్తిగా చుట్టి అర్ధగోళాన్ని కలుపుకొంది. నేను పరీక్షకుణ్ణయితే మార్కులు ఈ పేరాకు వేస్తాను.

ఘనకోణంలో సగం ఎందుకు, మొత్తం ఎందుకు కాదు? నీ బత్తాయి పండు మీద అగ్గిపుల్ల 90 డిగ్రీలు తిరిగింది, కాంతి దశ మాత్రం అంతే త్రిభుజానికి 45 డిగ్రీలే. అడ్డ ధ్రువణానికీ నిలువు ధ్రువణానికీ మధ్య ప్రయోగశాలలో 90 డిగ్రీలుంటే గోళం మీద 180 ఉంటుందన్న సంగతితో మొదలుపెట్టి దీనికి ఒక పూర్తి అధ్యాయం ఇవ్వు. నువ్వు చదివిన అవకలన జ్యామితి నిజంగా పనికొచ్చేది ఇక్కడే. దాన్ని ఇక్కడికి తరలించు, మిగిలింది నీ నోటుబుక్కులో ఉండనీ.

గుర్తుల విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. ఒక పుస్తకం కుడి వృత్త ధ్రువణమన్నదాన్ని మరో పుస్తకం ఎడమ అంటుంది. రెండింటి నుంచీ తెచ్చుకుంటే నీ జవాబుకు మైనస్ తగులుకుంటుంది, దాని కోసం వారం పోతుంది. మొదటి పేజీలోనే ఏ పద్ధతి పాటిస్తున్నావో రాసేయి.

"తేలికగా చూపవచ్చు" అన్న మాట నీ డ్రాఫ్టులో ఏడుసార్లు వచ్చింది. నువ్వు చూపగలిగిన చోట చూపు. చూపలేని చోట "ఈ ఫలితాన్ని నిరూపించకుండా స్వీకరిస్తున్నాను" అని నిర్మొహమాటంగా రాసి, ఎక్కడి నుంచి స్వీకరించావో చెప్పు. దానివల్ల పరువు పోతుందనుకుంటావేమో. నలభై ఏళ్ళ కిందట నా ఎమ్మెస్సీ డిసర్టేషన్‌లో పరిక్షేపణ (స్కాటరింగ్) సిద్ధాంతం మీద ఒక పుస్తకం నుంచి రెండు పేజీల డెరివేషన్‌ను కామాలతో సహా దించాను. వైవాలో పరీక్షకుడు ఆ పేజీ మీద వేలు పెట్టి, "శక్తి సున్నకు దగ్గరైతే ఇందులో ఏది మిగులుతుంది?" అని ఎంతో మర్యాదగా అడిగారు. నేను ఫ్యాను వంక చూశాను. తక్కిన నలభై పేజీలూ నా సొంత లెక్కలే, కానీ ఆ తరువాత ఆయన వాటిని నమ్మలేదు, ఆయన్ను నేను తప్పుపట్టలేను.

నీ థీసిస్ ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పదు. అయినా ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందు అందులోని సంగతిని మీ పీజీ హాస్టల్లో నీతో ఉంటున్న గుంటూరు అమ్మాయికి, ఆమె చదువుతున్నది కామర్స్ అంటున్నావు కనుక మరీ మంచిది, తెలుగులో చెప్పి చూడు. ఇంగ్లీషులో మనకు అర్థం కానిదాన్ని కూడా వ్యాకరణం తప్పకుండా రాసేయగలం, ఎందుకంటే ఆ వాక్యాలు మనకు పుస్తకాల నుంచి తయారుగా వస్తాయి. తెలుగులో ఈ విషయానికి తయారు వాక్యాలు లేవు. నువ్వు ఎక్కడ తడబడి "అదే, ఆ కనెక్షన్ ఉంటుంది కదా" అంటావో అక్కడ నీకు తెలియదని అర్థం. ఆ చోటు రాసిపెట్టుకొని మీ గైడ్ దగ్గరికి వెళ్ళు. ఆయనకు తీరిక లేదని రాశావు. "రెండో అధ్యాయం అర్థం కాలేదు సార్" అంటే ఎవరికీ తీరిక ఉండదు, "ఈ రెండు పంక్తుల మధ్య సగం ఎక్కడి నుంచి వచ్చింది సార్" అంటే నిలబడే జవాబు చెప్తారు.

పీఠికను అన్నింటికన్నా చివర రాయి. ఈ వారం మూడు అంతర లబ్ధాల పేజీ ఒక్కటి చాలు. దాన్ని టైపు చేయకుండా, కొట్టివేతలతో సహా చేతిరాతలోనే వచ్చే ఆదివారం తీసుకురా. బత్తాయిలు నేను తెప్పించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు