కొత్త సీలు వేసినా నూనె కారుతోందా?

ప్రశ్న: మా జిన్నింగ్ మిల్లులో కన్వేయర్ వార్మ్ గేర్‌బాక్సుకు (మర లాంటి వార్మ్ పళ్ల చక్రాన్ని తిప్పే రకం) మోటారు వైపు షాఫ్టు దగ్గర నూనె కారుతోంది. సైజు చూసి మంచి సీలే (షాఫ్టు చుట్టూ నూనె ఆపే రబ్బరు రింగు) వేస్తున్నాం. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ. వైటన్ (ఎక్కువ వేడికి ఆగే రబ్బరు) సీలు వేస్తే ఆగుతుందా?
– మిల్లు మెకానిక్, పరకాల

జవాబు: తీసిన సీలును పారేయకండి, ముందు దాని లిప్ (షాఫ్టును తాకే రబ్బరు అంచు) చూడండి. అంచు నల్లగా మెరుస్తూ గట్టిపడి, వంచితే సన్నని పగుళ్లు కనబడితే నూనె అందక మాడినట్టే. మెత్తగానే ఉండి ఒక్కచోట చీరితే బిగించేటప్పుడు షాఫ్టు మీది కీ గాడి (కీ కూర్చునే గంటు) కోసిందన్నమాట.

లిప్‌కూ షాఫ్టుకూ మధ్య పలుచని నూనె పొర ఉండాలి. వార్మ్ చక్రానికి పైన ఉండే గేర్‌బాక్సులో ఆ సీలు నూనె మట్టానికి పైనే ఉంటుంది, చక్రం ఎగజిమ్మే నూనే దానికి దిక్కు. మట్టం తగ్గితే నిమిషానికి 1440 చుట్లు తిరిగే షాఫ్టు మీద రబ్బరు ఎండుగా రాసుకుంటుంది. అలాగని నిండా పోస్తే నూనె చిలికి నురగెత్తి ఇంకా వేడెక్కుతుంది. మిషన్ ఆపి, చల్లారాక లెవెల్ ప్లగ్ (నూనె మట్టం చూసే బిరడా) రంధ్రం అంచు దాకానే పోయండి.

అసలు దొంగ చాలాసార్లు బ్రీదరే, అంటే గేర్‌బాక్సు లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రపు మూత. పత్తి మిల్లులో అది దూదితో మూసుకుపోతుంది, ఎవరూ పట్టించుకోరు. లోపలి గాలి వేడెక్కి లిప్‌ను షాఫ్టుకు అదిమేస్తుంది, నూనె పొర తెగి షాఫ్టుకు గాడి పడుతుంది. ఆ గాడి గోటికి తగిలితే ఎంత కొత్త సీలైనా కారుతుంది. చోటుంటే సీలును 1–2 మి.మీ. పక్కకు కూర్చోబెట్టండి, లేదంటే షాఫ్టుకు స్లీవ్ (పలుచని లోహపు తొడుగు) వేయించండి. ఎమరీ పేపరుతో మాత్రం రుద్దొద్దు. ఏటవాలు గీతలు పడితే అవి మర చుట్లలా నూనెను బయటికి తోస్తాయి.

సీలు స్ప్రింగు నూనె వైపుండాలి. లిప్‌కు, షాఫ్టుకు అదే గేర్ ఆయిల్ రాసి, కీ గాడి మీద పలుచని టేపు చుట్టి, సరిపడా పైపు ముక్కతో చుట్టూ సమానంగా తట్టండి. మోటారు వేసేముందు షాఫ్టును చేత్తో పది చుట్లు తిప్పండి.

మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా ఆగుతుంది. లిప్ దగ్గర వేడి నూనె వేడికంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి నూనె 80 దాటుతుంటే వైటన్ దండగ కాదు. బ్రీదర్ మూసుకుని ఉంటే మాత్రం అదీ కారుతుంది.

ప్రశ్న: రెండు లిప్పుల సీలులో గ్రీజు ఎంత పెట్టాలి?

జవాబు: లిప్పుల మధ్య ఖాళీలో మూడో వంతు చాలు. దట్టిస్తే వేడెక్కుతుంది.