కోత చిన్నదే, ఆపరేషన్ చిన్నది కాదు

ప్రశ్న: మా అమ్మ వయసు 61 సంవత్సరాలు. పాతికేళ్లు నేల మీద కూర్చుని జీడిపిక్కలు కొట్టే పని చేసింది. రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఈ మధ్య వీధి చివరిదాకా నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి, పిక్కలు లాగేస్తున్నాయంటోంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది, నడిస్తే మళ్లీ మొదలవుతుంది. ఎంఆర్‌ఐలో నాలుగో నడుము పూస ఐదో పూస మీద ముందుకు జారిందని, గ్రేడ్ 1 అని రాశారు. ఒక డాక్టరుగారు కీహోల్ పద్ధతిలో స్క్రూలు వేసి పూసలను అతికిస్తే మర్నాడే నడవవచ్చన్నారు. ఇంకొకరు పాత పద్ధతిలో పెద్ద కోతతో చేయించుకోవడమే మంచిదన్నారు. అమ్మకు షుగరు కూడా ఉంది. ఏ పద్ధతి ఎంచుకోవాలి? ఆ తర్వాత కింద కూర్చోగలదా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఆ డాక్టర్లిద్దరి మధ్య తేడా కోత పొడవు దగ్గరే వచ్చినట్లుంది. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: మీ అమ్మగారికి పూసలను అతికించవలసిన అవసరం నిజంగా ఉందా?

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆమెను ఎక్కువగా బాధిస్తున్నది నడుము కాదు, కాళ్లు. వయసుతో పాటు పూసల వెనుక ఉండే చిన్న కీళ్లు అరిగి, మధ్యనున్న డిస్క్ పలచబడినప్పుడు పై పూస కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. యాభై దాటిన స్త్రీలలో, అదీ నాలుగు, ఐదు పూసల మధ్య, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పూస జరగడమే కాకుండా పూసలను పట్టి ఉంచే అక్కడి లిగమెంటు (గట్టి పట్టీ) కూడా మందమెక్కడంతో నరాలు వెళ్లే దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడి నడిచినప్పుడు ఆ దారి మరింత ఇరుకై నరాలు నొక్కుకుపోతాయి. కూర్చున్నప్పుడు, ముందుకు వంగినప్పుడు కాస్త తెరుచుకుంటుంది. నాలుగడుగులు వేయలేనివారు సైకిలు తొక్కుకుంటూ దూరం వెళ్లగలగడానికి కారణం ఇదే. అయితే షుగరు ఉన్నవారిలో కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయినా పిక్కలు ఇలాగే లాగుతాయి. ఆ నొప్పి కూర్చోకపోయినా, నడక ఆపి ఊరికే నిలబడితే తగ్గిపోతుంది. కాబట్టి పాదాల దగ్గర నాడి అందుతోందో లేదో చూడమని డాక్టరుగారిని అడగండి.

గ్రేడ్ 1 అంటే పూస తన వెడల్పులో పావు వంతుకు మించి జారలేదని అర్థం. ఈ మాత్రం జారుడుతో ఏ బాధా లేకుండా బతికేవారు చాలామంది ఉంటారు. ‘జారింది’ అన్న మాట రిపోర్టులో చదివినప్పుడు కలిగే భయానికీ, అసలు జబ్బు తీవ్రతకూ చాలాసార్లు పొంతన ఉండదు.

ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు గనుక, నిలబడినప్పుడు పూస ఎంత కదులుతోందో అందులో తెలియదు. నిలబడి, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి వంగి తీయించే మామూలు ఎక్స్‌రేలు ఇందుకు కావాలి. అవి తీయకుండానే స్క్రూల మాట ఎత్తి ఉంటే, ముందు వాటిని తీయించండి. పూస స్థిరంగా ఉండి, బాధంతా కాళ్లలోనే ఉన్నవారికి నరాల మీది ఒత్తిడి తీసేసి ఊరుకున్నా చాలామందిలో సరిపోతుంది. స్వీడన్‌లో 247 మంది రోగులతో చేసిన పరిశోధన 2016లోనూ, నార్వేలో 267 మందితో చేసినది 2021లోనూ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. ఒత్తిడి తీయడంతో పాటు పూసలను అతికించినందువల్ల రెండేళ్ల తర్వాత చెప్పుకోదగిన అదనపు మేలు ఏమీ ఈ రెండింటిలోనూ కనిపించలేదు. ఇందుకు ఎదురుగా, 2016లో అదే పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధనలో అతికించినవారి శారీరక ఆరోగ్యం కొంత మెరుగ్గా ఉంది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు అతికించినవారిలో 14 శాతం ఉండగా, అతికించనివారిలో 34 శాతం ఉన్నారు. కాకపోతే అందులో పాల్గొన్నది 66 మందే. ఇవన్నీ చూశాక నాకు అనిపించేది ఏమిటంటే, పూస అటూఇటూ కదులుతున్నవారికి, కాళ్ల నొప్పికి సమానంగా నడుము నొప్పి ఉన్నవారికి, డిస్క్ అణగిపోయి నరం బయటికి వచ్చే రంధ్రం పూడుకుపోయినవారికి అతికించడం న్యాయమే; గ్రేడ్ 1 అని రాసి ఉన్నంత మాత్రాన మాత్రం కాదు. ఏ ఆపరేషన్‌కైనా ముందు కొన్ని వారాలు క్రమం తప్పని ఫిజియోథెరపీ, మందులు, అవసరమైతే వెన్నులో ఒక ఇంజెక్షన్ ప్రయత్నించి చూడవచ్చు. బెల్టును నెలల తరబడి కట్టి ఉంచకండి, నడుము కండరాలు బలహీనపడతాయి.

అతికించడమే మంచిదని తేలిందనుకుందాం. ‘కీహోల్’ అన్న మాట నాకు అంతగా నచ్చదు. పిత్తాశయంలో రాళ్లు తీసినట్లు ఏదో రంధ్రంలోంచి చిటికెలో అయిపోతుందని రోగులు అనుకుంటారు. పాత పద్ధతిలో నడుము మధ్యన నిలువుగా కోసి, కండరాలను ఎముక నుంచి విడదీసి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కలకు లాగి ఉంచుతారు. ఆ కండరాలకు తగిలే దెబ్బను తగ్గించడానికే కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో వెన్నుకు అటూ ఇటూ రెండున్నర, మూడు సెంటీమీటర్ల కోతలు పెట్టి, కండరాన్ని కోయకుండా పోగుల మధ్య నుంచి పక్కకు జరిపి, దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం దింపుతారు. మైక్రోస్కోపులో చూస్తూ ఆ గొట్టంలోంచే అరిగిన కీలును తొలగించి, నరానికి చోటు చేసి, డిస్కును శుభ్రం చేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కలు నింపిన కేజ్‌ను, అంటే చిన్న గూడులాంటి దాన్ని, కూర్చోబెడతారు. తర్వాత ఎక్స్‌రే యంత్రంలో చూసుకుంటూ చర్మం మీది చిన్న గాట్లలోంచి నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు బిగిస్తారు. అంటే లోపల జరిగే పని రెండు పద్ధతుల్లోనూ ఒకటే. మారేది అక్కడికి చేరే దారి. 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే సర్జన్లు విడివిడిగా పూసలను అతికించే చికిత్స మొదలుపెట్టిన కాలంలో స్క్రూలు కూడా లేవు. వెన్నెముక క్షయ రోగులకు ఎముకను ఎముకతో కలిపి, అతికేదాకా నెలల తరబడి పడుకోబెట్టేవారు.

చిన్న కోత వల్ల రక్తం తక్కువ పోతుంది, మొదటి వారాల్లో నొప్పి తక్కువగా ఉంటుంది, ఆసుపత్రి నుంచి ఒకటి రెండు రోజులు ముందుగా ఇంటికి రావచ్చు. గాయంలో చీము పట్టే అవకాశం తగ్గడం షుగరు ఉన్నవారికి మరీ అక్కరకొచ్చే విషయం. అయితే ఏడాది, రెండేళ్లు గడిచాక రెండు పద్ధతుల ఫలితాలూ దాదాపు సమానంగానే ఉంటాయి. చిన్న దారిలో చేయడానికి చేయి తిరగాలంటే సర్జన్‌కు కొంతకాలం పడుతుంది. అందుకని, పెద్ద కోతతో వందల ఆపరేషన్లు చేసిన సర్జన్‌ను, కోత పెద్దదన్న కారణంతో వదిలేసి, ఈ పద్ధతిని కొత్తగా మొదలుపెట్టినవారి దగ్గరకు వెళ్లమని నేను చెప్పను. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని అడగడానికి మొహమాటపడకండి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట మరో అభిప్రాయం తీసుకోవడమూ మంచిదే.

మర్నాడే నడవవచ్చన్న మాట నిజమే. కానీ అప్పుడు పూసలను పట్టి ఉంచేవి స్క్రూలు. ఎముక అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మొదటి మూడు నెలలు నీళ్ల బిందె ఎత్తడం, వంగి ఊడవడం, నేల మీద కూర్చోవడం మానుకోవాలి. ఇంట్లో కుర్చీలాంటి మరుగుదొడ్డి ఏర్పాటు ముందే చేసుకోండి. తర్వాత కింద కూర్చోవచ్చు. మన వంగుడులో పెద్ద భాగం తుంటి కీళ్లదే గనుక, ఒక్క చోట పూసలు అతికినంత మాత్రాన వంగడం ఆగిపోదు. అయితే రోజంతా కూర్చుని జీడిపిక్కలు కొట్టే పనికి ఇక వెళ్లకపోవడమే మంచిది, ఎందుకంటే అతికించిన చోటికి పైనా కిందా ఉన్న పూసల మీద అదనపు భారం పడి, కొన్నేళ్లకు అక్కడ కూడా అరుగుదల రావచ్చు.

ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు షుగరును అదుపులోకి తేవాలి. ఎముక గుల్లబారితే స్క్రూలు నిలవవు గనుక ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష, విటమిన్ డి పరీక్ష చేయించండి. మరొక్క మాట, మీ ప్రాంతంలో ఆ వయసు స్త్రీలలో కొందరికి చుట్ట, అదీ అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు ఉంటుంది. మొహమాటం కొద్దీ డాక్టరు ముందు చెప్పరు. పొగాకులోని నికోటిన్ ఎముక అతకడాన్ని అడ్డుకుంటుంది. అమ్మగారికి ఆ అలవాటు ఉంటే వారాల ముందే మాన్పించాలి.

ఈలోగా పాదం పైకి ఎత్తలేకపోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఈ ఆలోచనలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: నా వయసు 32. నెల రోజులుగా ఎడమ కాలికి సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే) నొప్పి. డిస్క్ ఉబ్బి నరానికి తగులుతోందన్నారు. స్క్రూలు వేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. పూస జారడం గానీ కదలడం గానీ లేకుండా డిస్క్ ఒక్కటే నరానికి తగులుతుంటే అతికించే అవసరం సాధారణంగా రాదు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే నరానికి తగిలే ముక్కను మాత్రం తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. మంచం పట్టి ఉండకుండా, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడుస్తూ ఉండండి.