డాక్టర్ లెక్కపెట్టింది పొక్కుల్ని, మిమ్మల్ని బాధపెడుతున్నది మంట

మీరు అడిగింది ఇదీ: రోజేషియాకి, అంటే ముఖం కందిపోయి పొక్కులొచ్చే చర్మవ్యాధికి, ఆరు వారాలుగా క్రీమ్ రాస్తున్నారు. డాక్టర్ చూసి "గ్రేడ్ 3 నుంచి 1కి వచ్చింది, చాలా బాగుంది" అన్నారు. మీకేమో అద్దంలో బుగ్గలు కందినట్టే ఉన్నాయి, మంట కూడా పోలేదు. ఎవరి మాట నమ్మాలి, అసలు తగ్గిందో లేదో ఎలా తేలుస్తారు అని.

నేను డాక్టర్ని కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ ముఖంతో కాపురం చేస్తున్నదాన్ని. రెండో ఏడాదిలో అచ్చం మీలాగే గదిలోంచి బయటికొచ్చి, "ఈయన నా ముఖమే చూశారా, పక్కనున్న వాళ్ళదా" అనుకున్నాను. ఆ తర్వాత ఈ గ్రేడ్ల సంగతి తవ్వుకుంటూ పోతే అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పలేదు, నేను ఊహించుకోనూ లేదు. ఇద్దరం వేర్వేరు వాటిని కొలుస్తున్నాం, అంతే.

మీ డాక్టర్ చెప్పినది చాలావరకు ఐజీఏ అనే స్కేలు అయివుంటుంది, అంటే డాక్టర్ ముఖాన్ని మొత్తంగా చూసి వేసే మార్కు. 0 అంటే పూర్తిగా శుభ్రం, 1 అంటే దాదాపు శుభ్రం, 2 స్వల్పం, 3 మధ్యస్థం, 4 తీవ్రం. మందుల పరీక్షల్లో సాధారణంగా 12 లేదా 16 వారాలకి 0కో 1కో వచ్చి, కనీసం రెండు మెట్లు దిగితే 'మందు పనిచేసింది' అని రాస్తారు. దాని పక్కనే పొక్కుల లెక్క ఉంటుంది. ఈ స్కేలు మాటలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. కొన్నిట్లో ఎరుపును కూడా కలిపి రాస్తారు, కొన్నిట్లో పెత్తనమంతా పొక్కులదే. మంట, చురచుర, చర్మం బిగుసుకున్నట్టు ఉండటం మాత్రం ఇందులోకి రావు. డాక్టర్ కంటికి మంట కనబడదు కదా.

పొక్కుల లెక్క కూడా మనం అనుకున్నంత కచ్చితమైనదేమీ కాదు. మా డాక్టర్ నుదురు, ముక్కు, గడ్డం, కుడి బుగ్గ, ఎడమ బుగ్గ అని విడివిడిగా, పెన్ను కొన గాల్లో తిప్పుకుంటూ లెక్కపెట్టేవారు. ఒకసారి ఆయన 22 అన్నారు. ఫైలు రాసుకుంటున్న జూనియర్ డాక్టర్ తనూ లెక్కపెట్టి 27 అంది. అదే కుర్చీ, అదే దీపం, మధ్యలో రెండు నిమిషాలైనా గడవలేదు. పక్కపక్కన అంటుకున్న రెండు పొక్కులు ఒకటా రెండా, మానిపోతున్న మచ్చ లెక్కలోకి వస్తుందా రాదా అన్న దగ్గరే తేడా వచ్చింది. అందుకే ప్రతిసారీ ఒకరే చూడటం మంచిది. పరీక్షల్లోనూ వీలైనంతవరకు అదే పద్ధతి.

ఎరుపు కథ ఇంకో రకం. దానికి డాక్టర్ వేసే స్కేలు ఒకటి, రోగి తనకు తాను వేసుకునే స్కేలు ఒకటి, రెండూ 0 నుంచి 4 దాకా ఉంటాయి. ఎరుపు తగ్గించే బ్రిమోనిడిన్ జెల్‌కి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని పరీక్షించినప్పుడు డాక్టర్ మార్కు, రోగి మార్కు రెండూ రెండేసి మెట్లు దిగితేనే విజయమన్నారు. మన అద్దానికి కూడా ఓటు ఇచ్చారన్నమాట. ఆ పద్ధతి నాకు నచ్చింది. జెల్ మాత్రం నచ్చలేదు. ఆ కొలతలు జెల్ రాసుకున్న రోజున, రాసుకున్న మూడో గంట నుంచి పన్నెండో గంట వరకు తీసినవి. నేను ఒక పెళ్ళికి పొద్దున్నే రాసుకుని వెళ్ళాను. సాయంత్రం దాకా ఎవరి ముఖమో అన్నంత బాగుంది. రాత్రి ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే మామూలు రోజుకంటే ఎక్కువ కందిపోయి ఉంది. మందు దిగాక ఎరుపు ఇలా తిరగబెట్టడం తెలిసిన దుష్ప్రభావమే, అందరికీ వస్తుందనేం లేదు. కానీ ఎప్పుడు కొలిచారన్నది ఏం కొలిచారన్నంత ముఖ్యమని ఆ రాత్రి తెలిసింది.

మీ రంగు ఏమిటో రాయలేదు. నాది చామనఛాయ. ఈ స్కేళ్ళకు తోడుగా ఉండే ఫొటోలు ఎక్కువగా తెల్లటి చర్మానివి. మన చర్మం మీద ఎరుపు గోధుమరంగులోనో, ఊదా ఛాయలోనో కలిసిపోయి దాక్కుంటుంది. నాకు మొదటి రెండేళ్ళు 'స్వల్పం' అనే రాశారు. మూడో డాక్టర్ ఒక గాజు పలకతో బుగ్గను నొక్కి చూశారు. నొక్కినచోట రంగు పాలిపోయి, తీయగానే తిరిగి కమ్ముకొచ్చింది. "ఇదీ మీ ఎరుపు" అన్నారు. నా మాట నమ్మడానికి ఒక గాజుముక్క కావలసి వచ్చిందే అని ఇప్పటికీ కొంచెం ఉడుకుమోతుతనం ఉంది నాకు.

ఇక మంట, సిగ్గు, నలుగురిలోకి వెళ్ళాలంటే టెన్షన్... వీటికి ప్రశ్నపత్రాలున్నాయి. చర్మవ్యాధి మన రోజువారీ బతుకుని ఎంత ఇబ్బంది పెడుతోందో అడిగే డీఎల్‌క్యూఐ అనేది 1994 నాటిది, పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు, అన్నీ గడిచిన వారం గురించే. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ బాధ అని. నాలుగు మార్కుల తేడా వస్తే నిజంగా మార్పు వచ్చిందని లెక్క. అది చర్మవ్యాధులన్నిటికీ కలిపి రాసినది కాబట్టి దురద, నొప్పి, మంట అన్నీ ఒకే ప్రశ్నలో కుక్కేసి ఉంటాయి. రోజేషియాకి ప్రత్యేకంగా 21 ప్రశ్నల రోజాక్వాల్ ఉంది, 2007లో వచ్చింది. నాకు ఒక ఏడాదిలో ఐజీఏ 2 దగ్గరే కదలకుండా ఉంటే డీఎల్‌క్యూఐ 14 నుంచి 9కి దిగింది. పొక్కులు అలాగే ఉన్నాయి, సబ్బు మార్చి మంట తగ్గించుకున్నాను, అంతే జరిగింది. ఫైల్లో ఐజీఏ ఒక్కటే ఉండుంటే ఆ ఏడాది వృథా అని రాసుండేవాళ్ళు.

అలాగని డాక్టర్ చెప్పిన 1ని తీసిపారేయకండి. ఇంకో సంగతి కూడా ఉంది, 0కీ 1కీ మధ్య తేడా పేరుకే ఒక మెట్టు. రోజేషియా పొక్కులకి రాసే ఐవర్‌మెక్టిన్, మెట్రోనిడజోల్ క్రీములు వాడినవాళ్ళ వివరాలు కలిపి చేసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. మందు ఆపాక 'దాదాపు శుభ్రం' వాళ్ళకి సుమారు మూడు నెలల్లో తిరగబెడితే, 'పూర్తిగా శుభ్రం' వాళ్ళకి ఎనిమిది నెలలు దాటింది. పరీక్షల లెక్కలో ఇద్దరూ పాసే. మీరు 1 దగ్గర ఉన్నారు కాబట్టి మందు ఇంకొన్నాళ్ళు కొనసాగించాలా అన్నది డాక్టర్‌ని అడగదగ్గ ప్రశ్న.

మనం ఇంట్లో చేసే కొలతలేమైనా గొప్పవా అంటే, నా పరువు నేనే తీసుకుంటాను. మూడు నెలలు ప్రతి ఆదివారం ఫొటో తీసుకున్నాను. చివర్లో వరసగా పెట్టి చూసుకుంటే ముఖం అద్భుతంగా బాగుపడింది. తీరా చూస్తే మొదటి నెలవి బాత్రూం పసుపు బల్బు కింద తీసినవి, తర్వాతవి కిటికీ దగ్గరివి, ఆఖరి నాలుగు ఫొటోలకి ఫోన్లో ముఖం నునుపు చేసే మోడ్ ఆన్‌లో ఉంది. బాగుపడింది నా ముఖం కాదు, ఫోను. అన్నీ డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఒకే కిటికీ, ఒకే వేళ, వెనక కెమెరా, ఫ్లాష్ లేదు, గడ్డం కింద తెల్ల కాగితం. కాగితం ఒక ఫొటోలో పచ్చగా, ఇంకోదాంట్లో నీలంగా ఉందంటే ఆ రెంటినీ పోల్చను. ముఖం కడుక్కున్నాక, ఎండలోంచి వచ్చాక ఇరవై నిమిషాలు ఆగుతాను. క్లినిక్‌కి కూడా ముందే వెళ్ళి చల్లగా కూర్చుంటాను. ఎండలో నడిచొచ్చి నేరుగా కుర్చీలో కూర్చుంటే డాక్టర్ కొలిచేది ఎండనే.

ఇంకో మోసం, మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది ముఖం బాగా రేగినప్పుడే. రేగినది ఎలాగూ కొంత సర్దుకుంటుంది. పరీక్షల్లో మందు లేని ఉత్త క్రీమ్ రాసినవాళ్ళలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించడానికి ఇదొక కారణం. కాబట్టి ఒక చెడ్డ రోజునీ ఒక మంచి రోజునీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పొద్దు.

నేను రోజూ రాత్రి ఒక్క లైను రాస్తాను: మంట పదికి ఎంత, ముఖంలోకి ఆవిరి తన్నుకొచ్చినట్టు ఎన్నిసార్లు అయింది, కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉందా. కళ్ళ సంగతి నేను నాలుగేళ్ళు చెప్పనేలేదు, చర్మ డాక్టర్‌కి కళ్ళ గురించి ఎందుకులే అనుకుని. రోజేషియా కంటి రెప్పలకి కూడా వస్తుంది, ముఖం గ్రేడులో అది కనిపించదు. ఒకప్పుడు, 2002 వర్గీకరణలో, టైప్ 1, టైప్ 2 అని నాలుగు గంపల్లో వేసేవాళ్ళు. 2017 నుంచి ఎవరికి ఏ లక్షణాలున్నాయో విడిగా చూసి, విడిగా వైద్యం చేయమంటున్నారు. 2024లో జామా డెర్మటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఏకాభిప్రాయ పత్రం కూడా చర్మం, కళ్ళు, జీవన నాణ్యత, రోగి సంతృప్తి, మందు దుష్ప్రభావాలు అన్నిటినీ కొలవమంది. ఏం కొలవాలో చెప్పింది, ఏ కొలబద్దతో అన్నది మళ్ళీ వేరే పని.

మీ విషయానికొస్తే, ఈసారి వెళ్ళినప్పుడు "ఈ 1 పొక్కులకా, ఎరుపుకా?" అని సూటిగా అడగండి. పొక్కులకైతే మీ మందు దాని పని అది చేస్తోంది. ఎప్పుడూ ఉండే ఎరుపు, పైకి తేలిన సన్నటి రక్తనాళాలు చాలావరకు ఆ క్రీమ్‌తో పోయేవి కావు, వాటి దారి వేరు, లేజర్ లాంటివి. మంట మాత్రం నాకు కొంచెం అనుమానంగా ఉంది. క్రీమ్ రాసిన పావుగంటలో మొదలవుతుందా, రాయబోయే ముందు కూడా ఉంటుందా, నాలుగు రోజులు టైముతో సహా రాసి పెట్టుకోండి. నాకు అజిలాయిక్ యాసిడ్ అనే రోజేషియా మందుతో అలాగే అయింది. మండిస్తున్నది ఆ మందే అయితే, రోగం మండిస్తోందనుకుని ఇంకాస్త మందంగా రాసుకునేదాన్ని.